కుటుంబ శిబిరం

కార్తిక మాసం వచ్చిందంటే తెలుగువారికి వనభోజనాలు గుర్తుకు వస్తాయి. ఉసిరిచెట్టు నీడన బంధుమిత్రులు చేరి, వండుకొని, కలిసి భుజించి సాయంకాలానికి ఇల్లు చేరడం తరతరాలుగా వస్తున్న ఆచారం. అక్కడ శ్రమ పెద్దలది, ఆట పిల్లలది. స్కౌట్ దళాలు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని శని, ఆదివారాలలో జరుపుకొనే కుటుంబ శిబిరం చూపునకు వనభోజనం వలెనే ఉంటుంది. కాని ఇందులో పాత్రలు తారుమారవుతాయి. గుడారం వేసేవారు, వండేవారు, వడ్డించేవారు పిల్లలు, అతిథులు తల్లిదండ్రులు. శిబిరం ప్రయోజనం ఈ మార్పులోనే ఉంది. దానిలోని చిక్కు కూడా ఇదే.

స్కౌట్ ఉద్యమానికి మూలపురుషుడు రాబర్ట్ బేడెన్ పావెల్. ఆయన 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న బ్రౌన్సీ ద్వీపంలో సుమారు ఇరవైమంది బాలురతో తొలి శిబిరాన్ని ప్రయోగాత్మకంగా నిర్వహించాడు. సంపన్నుల పిల్లలను, శ్రామికుల పిల్లలను కలిపి నాలుగు జట్లు చేసి, ఒక్కొక్క జట్టుకు ఒక బాలుణ్ణే నాయకునిగా నియమించాడు. సంపన్నుల పిల్లల నుండి ఒక పౌను, మిగిలినవారి నుండి మూడున్నర షిల్లింగులు మాత్రమే రుసుముగా తీసుకొన్నాడు. పిల్లలకు బాధ్యత అప్పగించడం, పేదరికం వల్ల ఎవరూ దూరం కాకుండా చూడడం అనే రెండు సూత్రాలు ఆ శిబిరంలోనే కనిపిస్తాయి. మన దేశంలో 1909లో స్కౌటింగు ప్రారంభమైనా తొలినాళ్లలో భారతీయ బాలురకు అందులో ప్రవేశం లేదు. ఆ లోపాన్ని సరిదిద్దడానికి అనీబిసెంట్ 1916లో మద్రాసులో భారతీయ బాలుర కోసం ప్రత్యేక సంఘాన్ని నెలకొల్పింది. స్వాతంత్ర్యానంతరం వివిధ సంఘాలు విలీనమై 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది.

శిబిర ప్రణాళికలో మొదటి మెట్టు స్థల నిర్ణయం. వాల్మీకి రామాయణం అరణ్యకాండలో పంచవటి చేరిన శ్రీరాముడు పర్ణశాలకు అనువైన చోటు వెదకవలసిందని లక్ష్మణునితో చెబుతూ, నీరు, సమిధలు, పూలు, దర్భలు సమీపంలో ఉండాలని సూచిస్తాడు. చివరకు సమతలమైన చోటును తానే ఎన్నుకొంటాడు. నేటికీ ఈ లక్షణాలే ప్రధానం. వాటికి మరికొన్ని చేర్చవలసి ఉంటుంది. నేల కొంచెం ఎత్తుగా ఉండాలి. ఎండిన వాగుగర్భంలో, ఎండుకొమ్మలున్న చెట్టు కింద గుడారం వేయరాదు. మరుగుదొడ్డి నీటివనరుకు కనీసం అరవై మీటర్ల దూరంలో ఉండాలి.

హైదరాబాదుకు చెందిన ఒక దళం డిసెంబరులో అనంతగిరి కొండలకు వెళ్లదలచిందనుకొంటే, ప్రణాళిక ఎట్లా సాగుతుందో గమనించవచ్చు. మూసీనది పుట్టిన ఆ కొండలు నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాదు పట్టణానికి చేరువలో ఉన్నాయి. అది అటవీప్రాంతం కనుక అటవీశాఖ అనుమతి ముందుగా పొందాలి. పిల్లల తల్లిదండ్రుల నుండి అంగీకార పత్రాలు తీసుకోవాలి. ప్రయాణానికి ముందే స్కౌట్ మాస్టరు ఒకసారి ఆ చోటికి వెళ్లి నీరు, దారి, ఫోను సంకేతం, సమీపంలోని ఆసుపత్రి మొదలైనవి స్వయంగా పరిశీలించి రావాలి.

దళంలో 24 మంది పిల్లలుంటే ఎనిమిదిమంది చొప్పున మూడు జట్లు ఏర్పడతాయి. తల్లిదండ్రులు, తోబుట్టువులు కలిసి మొత్తం 60 మంది అవుతారు. ఇక లెక్క పిల్లలది. మనిషికి పూటకు 125 గ్రాముల బియ్యం చొప్పున ఏడున్నర కిలోలు, 40 గ్రాముల కందిపప్పు చొప్పున రెండు కిలోల నాలుగువందల గ్రాములు కావాలి. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్ల నీరు చొప్పున 180 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల డబ్బాలు తొమ్మిది అవసరం. వంటకు, గిన్నెలు కడగడానికి కావలసిన నీరు వేరు. తరగతిలో త్రైరాశికం విసుగు పుట్టించినా, అరవైమంది ఆకలి ముందు నిలిచినపుడు దాని విలువ తెలుస్తుంది. ఖర్చును అందరికీ సమానంగా పంచడం న్యాయంగా కనిపించవచ్చు. కాని ఆ సొమ్ము ఇచ్చుకోలేక ఒక పిల్లవాడు ఏదో సాకు చెప్పి ఇంట్లో ఉండిపోతే ఆ శిబిరం సగం విఫలమైనట్లే. శక్తి కలవారు కొంత ఎక్కువ ఇచ్చి, ఆ సంగతి బయటికి తెలియనీయకుండా చూడడం సంస్కారం.

అయితే అన్ని బాధ్యతలూ పిల్లలకు వదలవచ్చునా? 2014 జూన్ 8న విహారయాత్రకు వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయి మరణించారు. ప్రశాంతంగా కనిపిస్తున్న నదిలో రాళ్లపై నిలబడి ఫొటోలు తీసుకొంటుండగా, ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి విడుదలైన నీరు వారిని ముంచెత్తింది. తెలియని నీటిని నమ్మరాదని ఆ దుర్ఘటన నేర్పిన పాఠం ఎన్నటికీ మరువరానిది.

కనుక ప్రణాళికలో ఒక స్పష్టమైన గీత ఉండాలి. నీరు, నిప్పు, వైద్యం, ప్రయాణం, రాత్రి కాపలా పెద్దల నిర్ణయానికి లోబడి ఉండాలి. నెగడు వేసేచోట ఎండుటాకులు ఊడ్చి, పక్కన నీళ్ల బకెట్లు ఉంచాలి. పడుకొనే ముందు బూడిద చేతికి చల్లగా తగిలేవరకు ఆర్పాలి. పాము కాటువేస్తే గాయాన్ని కోయడం, గట్టిగా కట్టు కట్టడం వంటివి చేయక, ఆ వ్యక్తిని కదలనీయకుండా 108 వాహనంలో ఆసుపత్రికి తరలించాలి. ఈ గీతకు ఇవతల ఉన్న వంట, గుడారం, ఆటలు, పాటలు, పనుల పంపకం పూర్తిగా పిల్లలవే.

తల్లిదండ్రులకు అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. కుమారుడు వేసిన ముడి జారి గుడారం ఒకవైపు ఒరగవచ్చు. కుమార్తె వండిన అన్నం అడుగంటవచ్చు. తల్లి చేయి గరిటె కోసం తనంతట తానే ముందుకు సాగుతుంది. ఆ చేతిని ఆమె వెనుకకు తీసుకోవడం చిన్న విషయం కాదు. జారిన ముడిని తానే విప్పి తిరిగి వేసిన పిల్లవాడు మరొకసారి దానిని మరచిపోడు. ఆ అన్నాన్నే పంక్తిలో కూర్చుండి అందరితోపాటు తిన్న తండ్రి, బిడ్డ శ్రమను గౌరవించినవాడవుతాడు.

ఆదివారం మధ్యాహ్నం గుడారాలు విప్పిన తరువాత ప్లాస్టిక్కు ముక్క కూడా మిగలకుండా ఏరి, సంచులలో వెనుకకు తీసుకొని రావాలి. సంసిద్ధంగా ఉండడం స్కౌట్ల ఆదర్శం. ఆ సంసిద్ధత బిడ్డలకు పని నేర్చుకోవడంలో ఉంటే, పెద్దలకు ప్రమాదాన్ని ముందుగా ఊహించడంలోను, ప్రమాదం లేనిచోట పక్కకు తప్పుకోవడంలోను ఉంది. ఈ రెండూ కుదిరిన కుటుంబం కొండ దిగి వచ్చేటప్పుడు వెళ్లినప్పటి కంటె పరస్పరం మరింత నమ్మకంతో తిరిగి వస్తుంది.

ప్రశ్నలు

1. వనభోజనానికి, కుటుంబ శిబిరానికి గల పోలికలను, భేదాన్ని వివరించండి.
2. శిబిర స్థలాన్ని ఎన్నుకోవడంలో పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
3. పిల్లల బాధ్యతలకు, పెద్దల బాధ్యతలకు మధ్య గీత ఎందుకు అవసరమో బియాస్ దుర్ఘటన ఆధారంగా చర్చించండి.
4. మీ కళాశాల నుండి 40 మంది రెండు రోజుల శిబిరానికి వెళ్లేటట్లయితే కావలసిన బియ్యం, పప్పు, తాగునీరు లెక్కకట్టి ప్రణాళిక రాయండి.