బైరి డేగ గూడు

కృష్ణా డెల్టా గ్రామాలలో 'డేగ' అనే మాట వినగానే చాలామందికి స్ఫురించేది ఆకాశంలోని పక్షి కాదు. సంక్రాంతి బరిలోని ఎర్రని కోడిపుంజు. పందెపు పుంజులను ఈకల రంగును బట్టి కాకి, నెమలి, డేగ అని పిలవడం ఈ ప్రాంతపు వాడుక. చూపు పదునుగా గలవానిని 'డేగకన్ను గలవాడు' అనడమూ తెలిసిన జాతీయమే. పేరు ఇంతగా వ్యవహారంలో ఉన్నప్పటికీ, ఆ పేరు గల పక్షిని నిలబడి పరిశీలించినవారు మాత్రం తక్కువ.

చూడదలచినవారికి అది దుర్లభమైన దృశ్యం కాదు. వరికోతలు ముగిసి మినుము ఆకు తొడిగే వేళకు, బాపట్ల చెంతనున్న సూర్యలంక తీరమూ, రేపల్లెకు దిగువన నిజాంపట్నం వైపు వ్యాపించిన మడ అడవులూ, బురద నేలలూ వలస పక్షులకు ఆశ్రయమవుతాయి. ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా దిగుతాయి; బాతులు నీటిమడుగులను చేరుతాయి. వాటిని వేటాడి బ్రదికే బైరి డేగ కూడా ఆ కాలంలోనే తీరప్రాంతాలకు వస్తుంది. దానికి కావలసినది ఎత్తైన, చుట్టూ అడ్డులేని చోటు. సెల్ టవరు, మంచినీటి ట్యాంకు, తల విరిగిన తాటిచెట్టు - ఏదైనా సరిపోతుంది. వీపు పలక రంగు. తెల్లని పొట్టపై సన్నని అడ్డచారలు. చెంపల మీదికి మీసంలా దిగిన నల్లని మచ్చ. మొనదేలిన పొడవైన రెక్కలు. ఊళ్ళపై తిరిగే నల్ల గ్రద్దకు ఉన్నట్లు దీని తోక చీలి ఉండదు. ఆడపక్షి మగదానికంటె పెద్దది. ఎర కనబడగానే పైకెగసి, రెక్కలు ముడిచి, విసిరిన రాయి వలె క్రిందికి దూకుతుంది. ఆ దూకులో దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు మించుతుంది. జంతులోకంలో ఇంతకు మించిన వేగం మరొకదానికి లేదు.

'బైరి డేగ' అనే తెలుగు పేరును గ్రంథస్థం చేసినవారిలో థామస్ జెర్డన్ ఒకడు. ఆయన నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన ఆంగ్లేయుడు. కడప జిల్లాలో 1986లో తిరిగి కనబడి ప్రసిద్ధి పొందిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. 1862 - 64 సంవత్సరాలలో వెలువడిన భారతీయ పక్షుల గ్రంథంలో ఆయన అనేక పక్షులకు దేశభాషల పేర్లు సేకరించి చేర్చాడు. ఈ డేగ చలికాలంలోనే వస్తుందనీ, సముద్రతీరం దీనికి ప్రీతికరమనీ ఆనాడే గుర్తించాడు. దీని శాస్త్రీయ నామం 'ఫాల్కో పెరెగ్రినస్'. లాటిన్ భాషలో పెరెగ్రినస్ అంటే పరదేశి, దేశాలు తిరిగేది అని అర్థం. డెల్టాకు వచ్చే బైరి డేగల విషయంలో ఆ పేరు అక్షరాలా నిజం. వాటి పుట్టిల్లు ఉత్తర ధ్రువానికి సమీపంలోని చెట్లులేని మంచు మైదానం. వేసవి రాకముందే అవి తిరుగుప్రయాణం కట్టి, అక్కడికి పోయి గ్రుడ్లు పెడతాయి.

ఇక్కడే ఎందుకు గూడు కట్టవు? పుట్టినచోటికి పోయి పిల్లలను పెంచడం వలస పక్షుల స్వభావం. అది ఒక కారణం. రెండవ కారణం తెనాలి నుంచి రేపల్లెకు రైలులో పోతూ కిటికీలోనుంచి చూచినవారికి తెలుస్తుంది. కనుచూపు మేర నేల సమతలం. కృష్ణానది వేల ఏండ్లుగా తెచ్చి పరచిన ఒండ్రుమట్టిలో కొండ లేదు, బండ లేదు. బైరి డేగ జాతికి గూటికి కావలసినది నిట్టనిలువు కొండచరియ. ఈ జాతిలోనే భారతదేశంలో స్థిరంగా నివసించే శాఖ ఒకటి ఉన్నది. దానిని షాహీన్ డేగ అంటారు. అదీ కొండప్రాంతాలనే ఆశ్రయిస్తుంది. శ్రీలంకలోని సిగిరియా శిల షాహీన్ డేగలకు పేరుపొందిన చోటు.

గూడు అనడమే కాని, బైరి డేగ నిజానికి గూడు కట్టదు. పుల్లలు ఏరదు, దూది తేదు. కొండచరియలో అరుగువలె ఉన్న చోట గులకరాళ్ళను రొమ్ముతో, కాళ్ళతో నెట్టి చిన్న గుంట చేస్తుంది. అందులో సాధారణంగా మూడు, నాలుగు గ్రుడ్లు పెడుతుంది. నెలకు పైగా పొదుగుతుంది. పిల్లలు ఎగరడానికి మరి ఆరు వారాలు పడుతుంది. ఇంత నిరాడంబరమైన గూడు కనుకనే అది నగరానికి సులభంగా తరలివచ్చింది. పక్షి దృష్టిలో ఇరవై అంతస్తుల భవనం ఒక కొండ. దాని సజ్జా ఒక చరియ. క్రింద వీధులలో పావురాలకు కొదవ లేదు. కెనడా దేశంలోని మాంట్రియల్ నగరంలో సన్ లైఫ్ అనే బీమా సంస్థ భవనంపై ఒక ఆడ డేగ 1936 నుంచి 1952 వరకు నివసించింది. కాని భవనపు సజ్జా నున్నని రాయి. దానిపై పెట్టిన గ్రుడ్లు దొర్లిపోయాయి. అది గమనించిన ఒక పక్షి పరిశీలకుడు చెక్కపెట్టెలో ఇసుక, గులకరాళ్ళు పోసి అక్కడ ఉంచాడు. డేగ ఆ పెట్టెను స్వీకరించింది. తరువాతి సంవత్సరాలలో ఆ పెట్టెలోనే పిల్లలు పెరిగి ఎగిరిపోయాయి. నేడు ఐరోపా, అమెరికా నగరాలలో భవనాలపైనా, చర్చి గోపురాలపైనా డేగల కోసం అమర్చే పెట్టెలు ఇటువంటివే.

అయితే 1950 ప్రాంతం నుంచి ఎవరికీ తెలియకుండానే ఈ జాతి క్షీణించసాగింది. ఆ సంగతి బయటపడిన తీరు విచిత్రమైనది. బ్రిటన్‌లో పందెపు పావురాలు పెంచేవారు, డేగలు పెచ్చుపెరిగి తమ పావురాలను తినివేస్తున్నవనీ, వాటిని చంపడానికి అనుమతి కావాలనీ ప్రభుత్వాన్ని కోరారు. ముందు లెక్క తేల్చాలని 1961లో దేశవ్యాప్తంగా గూళ్ళ పరిశీలన ప్రారంభించారు. దానికి నాయకత్వం వహించినవాడు డెరెక్ రాట్‌క్లిఫ్. ఏండ్ల తరబడి ఒకే కొండను, ఒకే గూటిని చూస్తూ వచ్చిన సామాన్య పరిశీలకులు ఎందరో ఆ పనిలో పాల్గొన్నారు. ఫలితం ఫిర్యాదుకు పూర్తిగా విరుద్ధం. 1963 నాటికి డేగల జంటలు యుద్ధానికి ముందున్న సంఖ్యలో సగానికి కూడా లేవు. మిగిలిన గూళ్ళలో అనేకం వట్టివి. గ్రుడ్లు పెట్టిన చోట అవి తల్లి బరువుకే చిట్లిపోతున్నాయి.

గ్రుడ్లు ఎందుకు చిట్లుతున్నాయి? రాట్‌క్లిఫ్ సమాధానం వెదకినది కొండలలో కాదు, పెట్టెలలో. పూర్వం ఆ దేశంలో పక్షుల గ్రుడ్లు దొంగిలించి దాచుకోవడం కొందరికి వినోదం. తేదీ, స్థలం వ్రాసిన చీటీలతో ఆ గ్రుడ్లు ప్రదర్శనశాలలలోనూ, ఇండ్లలోనూ మిగిలి ఉన్నాయి. వాటి పెంకులను తూచి, కొలిచి చూడగా 1947 నుంచి పెంకు హఠాత్తుగా పలచబడినట్లు తేలింది. తగ్గుదల దాదాపు ఐదోవంతు. ఈ విషయం 1967లో 'నేచర్' పత్రికలో ప్రకటితమైనది. పక్షులకు అపకారం చేసిన ఒక చెడ్డ అలవాటే పక్షులను రక్షించే సాక్ష్యాన్ని సమకూర్చింది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం పొలాలలో డి.డి.టి. వాడకం విస్తరించింది. అది నీటిలో సులభంగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. పురుగు దేహంలో ఉన్నది కొంచెమే. ఆ పురుగులను వందల కొలది తిన్న పిట్టలో అది కూడుతుంది. ఆ పిట్టలను తిన్న డేగలో మరింత కూడుతుంది. గొలుసు చివర ఉన్నవానికి అందరి పాలూ దక్కినట్లు, విషమంతా వేటపక్షికి చేరుతుంది. డి.డి.టి. మారి ఏర్పడే డి.డి.ఇ. అనే పదార్థం గ్రుడ్డు పెంకుకు అందవలసిన కాల్షియాన్ని అడ్డుకుంటుంది. విత్తనాలకు పట్టించిన డీల్‌డ్రిన్ వంటి మందులు మరింత ఘోరం. ఆ గింజలు తిన్న పావురాలను తిని పెద్ద డేగలే చనిపోయాయి. ప్రత్తికి విరివిగా మందులు కొట్టిన గుంటూరు సీమకు ఈ గొలుసు అర్థం కాని విషయం కాదు. భారతదేశంలో వ్యవసాయానికి డి.డి.టి. వాడకాన్ని 1989లో నిషేధించారు.

అమెరికాలో నష్టం ఇంకా తీవ్రం. 1964లో తూర్పు ప్రాంతంలో పూర్వం డేగలుండిన 133 గూటి స్థలాలను వెదకగా ఒక్కదానిలోనూ జంట కనబడలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టామ్ కేడ్ 1970లో పెరెగ్రిన్ ఫండ్ అనే సంస్థను స్థాపించి, పంజరాలలో పిల్లలను పొదిగించి బయట వదలే పనికి పూనుకొన్నాడు. 1972లో అక్కడ డి.డి.టి. నిషిద్ధమైనది. అలా విడిచిన పక్షులలో ఒకటి బాల్టిమోర్ నగరంలోని ఒక ఎత్తైన భవనాన్ని తన నివాసంగా ఎంచుకొన్నది. జనులు దానికి స్కార్లెట్ అని పేరు పెట్టారు. 1979లో అది గ్రుడ్లు పెట్టినా అవి పొదగలేదు. పరిశోధకులు పంజరంలో పుట్టిన పిల్లలను తెచ్చి దాని ముందుంచగా, వాటిని సొంత బిడ్డల వలె పెంచింది. స్వజాతి మగపక్షి ఒకటి తనంతట తానుగా వచ్చి జతకూడిన తరువాత, 1984లో మొదటిసారి తన గ్రుడ్ల నుంచి పిల్లలను లేపింది. ఆ సంవత్సరమే మరణించింది. 1999లో అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల పట్టిక నుంచి బైరి డేగను తొలగించింది.

ఇంగ్లండులోని డెర్బీ నగరంలో పెద్ద చర్చి గోపురంపై 2006లో డేగల కోసం ఒక వేదిక అమర్చారు. అక్కడి పరిశీలకులు గూటిని తాకరు, చేరువకు పోరు. క్రింద నిలిచి దుర్భిణితో చూస్తారు. కెమెరా ద్వారా చూస్తారు. క్రింద రాలిన ఈకలను, ఎముకలను ఏరి ఏ పక్షివో గుర్తిస్తారు. ఆ చెత్తలో, రాత్రిపూట మాత్రమే ఎగిరే వలస పక్షుల అవశేషాలు కనబడ్డాయి. దానితో పట్టణపు డేగలు వీధిదీపాల వెలుగులో రాత్రివేళ కూడా వేటాడుతున్నవని రుజువైనది. మే, జూన్ నెలలలో పిల్లలు తొలిసారి ఎగిరే రోజులలో నగర పరిశీలకులకు విశ్రాంతి ఉండదు. రెక్కబలం చాలక వీధిలో పడిన పిల్లను వాహనాల క్రింద పడకుండా కాపాడి, తిరిగి ఎత్తైన చోటికి చేర్చవలసి వస్తుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె విద్యార్థులకు డేగ గూడు లేదు కాని, గూళ్ళను చూచే అవకాశం లేకపోలేదు. గుంటూరుకు చేరువలోని ఉప్పలపాడులో ఊరి చెరువు చెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వేల సంఖ్యలో చేరి గూళ్ళు కడతాయి. పొదిగే కాలంలో ఆ ఊరిలో పక్షుల అరుపులు, వాసన ఇండ్లలోకి వస్తాయి. అయినా గ్రామస్థులు వాటిని తరుమలేదు, కాపాడుకొన్నారు. అక్కడికి పోయిన విద్యార్థి చేయవలసిన పని డెర్బీలోని పరిశీలకుని పనికి భిన్నమైనది కాదు. ఒక చెట్టును ఎంచుకోవాలి. దానిపై గూళ్ళెన్నో లెక్కించాలి. పొదుగుతున్నవి ఎన్ని, పిల్లలు తల ఎత్తినవి ఎన్ని, వట్టివి ఎన్ని అని తేదీతో సహా వ్రాసుకోవాలి. పదిహేను రోజులకు మళ్ళీ అదే చెట్టు వద్దకు రావాలి. చెరువు గట్టు దిగకూడదు. తల్లి లేచిపోతే ఎండకు గ్రుడ్డు చెడిపోతుంది, ఒంటరి పిల్లను కాకి తన్నుకుపోతుంది.

బైరి డేగ విషయంలో ఇక్కడ వ్రాసుకోదగినవి రెండు తేదీలు. చలికాలపు తొలినాళ్ళలో సూర్యలంక దారిలోనో, నిజాంపట్నం దారిలోనో టవరుపై అది మొదటిసారి కనబడిన తేదీ ఒకటి. మినుము పీకి కుప్పలు వేసిన తరువాత ఒకనాడు ఆ టవరు వట్టిదవుతుంది. అంతకు ముందు అది చివరిసారి కనబడిన తేదీ రెండవది. ఆ రోజులలోనే డెర్బీ గోపురంపై మరొక బైరి డేగ గ్రుడ్లు పెట్టడానికి గులకరాళ్ళలో గుంట చేసుకొంటూ ఉంటుంది. డెల్టా నుంచి వెళ్ళిన పక్షి మాత్రం ఉత్తరాన మంచు కరిగేవరకు ఆగవలసిందే.