పరుల ఇంట్లోకి చొరబడటం: చట్టం, షరీఅత్

‘ఫలానా ఇంటికి కన్నం వేశారు’ అని వినగానే, ‘ఏం పోయింది?’ అని అడుగుతాం. ఏమీ పోలేదంటే, ‘అల్‌హమ్దులిల్లాహ్’ అని ఊరుకుంటాం. కాని సొమ్ము పోయినా పోకపోయినా, అక్కడ ఒక నేరం జరిగిపోయింది.

2024 జులై 1 నుండి మన దేశంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఈ విషయంలో స్పష్టంగా ఉంది. నేరం చేయాలనో, ఇంటివారిని బెదిరించాలనో, అవమానించాలనో ఒకరి ఇంట్లోకి వెళ్ళడమే నేరం (సెక్షన్ 329). శరీరంలో ఏ కొంత భాగం లోపలికి పెట్టినా ప్రవేశించినట్లే. ఆ ఉద్దేశంతో గోడకు కన్నం వేసి, గోడెక్కి లేదా తాళం తీసి చొరబడితే నేరం ఇంకా పెద్దది (330). దానికి రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. రాత్రివేళ అయితే మూడేళ్ళ వరకు (331). దొంగతనం కోసమైతే శిక్ష మరింత పెరుగుతుంది.

చట్టం దురుద్దేశాన్ని చూస్తుంది. షరీఅత్ అంతకు ముందే, గుమ్మం దగ్గరే మనల్ని ఆపుతుంది. సూరహ్ నూర్ 27, 28 ఆయతుల సారాంశం ఇది: అనుమతి పొంది, సలాం చేసి గాని పరుల ఇళ్ళలోకి వెళ్ళకూడదు. లోపల ఎవరూ లేకపోయినా సరే, అనుమతి లేనిదే ప్రవేశం లేదు. వెళ్ళిపొమ్మంటే మరలిపోవాలి.

ఒక వ్యక్తి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇంట్లోకి రంధ్రం గుండా తొంగిచూశాడు. ఆయన అతణ్ణి తీవ్రంగా మందలించి, అనుమతి అడగాలన్న నియమం చూపు కోసమే పెట్టబడిందని బోధించారు (బుఖారీ, ముస్లిం). అంటే కాలు దాకా ఎందుకు, కన్ను గడప దాటినా తప్పే.

మరి మన సంగతేమిటి? ‘ఖాలా ఇల్లే కదా, తలుపు తీసే ఉంది కదా’ అని నేరుగా వంటింటి దాకా వెళ్ళిపోతాం. తెరిచిన తలుపు అనుమతి కాదు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) హజ్రత్ ఉమర్ (రజి) గుమ్మం వద్ద మూడుసార్లు అనుమతి కోరారు. జవాబు రాలేదు. వెనుదిరిగి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారని తర్వాత అడిగితే, ప్రవక్త నేర్పిన పద్ధతి ఇదేనన్నారు.

ఈ శిక్షణ ఇంట్లోనే మొదలు కావాలి. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతివేళ, ఇషా తర్వాత చిన్న పిల్లలు సైతం పెద్దల గదిలోకి అడిగే రావాలని అదే సూరహ్ 58వ ఆయతు ఆదేశిస్తోంది. బంతి పక్కింట్లో పడితే గోడ దూకకుండా, తలుపు తట్టి అడగమని మన పిల్లలకు నేర్పుదాం. పరుల గడపను గౌరవించే గుణం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.