సొంత పత్రమే, రెండు జర్నళ్లలోనా?

సందేహం: నా సిద్ధాంత గ్రంథాన్ని సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తే 9 శాతం పోలిక వచ్చింది. పది లోపే కదా, భయం లేదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్లు

సమాధానం: యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. అది దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అయితే సాఫ్ట్‌వేర్ పట్టేది మాటల పోలికను మాత్రమే, అది చౌర్యమా కాదా అన్నది మనిషే తేల్చాలి. మూలం చెప్పి ఉటంకించినవి, గ్రంథసూచి, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు ఎలాగూ లెక్కలోకి రావు. అవి తీసేశాక మిగిలిన 9 శాతం ఎక్కడుందో చూడండి. చెదురుమదురుగా ఉంటే సరే. అంతా ఒకే పుస్తకం నుంచి వచ్చి మీ ఫలితాల అధ్యాయంలో చేరితే, గైడుగా నేనైతే సంతకం పెట్టను. మాటలన్నీ మార్చి ఆలోచన ఒక్కటే తీసుకున్నప్పుడు సాఫ్ట్‌వేర్ ఏమీ చూపకపోవచ్చు, అప్పుడూ మూలం చెప్పాల్సిందే.

ఈ చిక్కులో పడి నా దగ్గరకొచ్చిన విద్యార్థుల్లో ఎక్కువమంది కావాలని ఎత్తిరాసినవాళ్లు కాదు. మూడేళ్ల నాటి నోట్సులో తమ వాక్యమేదో, పరాయి వాక్యమేదో మరిచిపోయినవాళ్లు. అందుకే నోట్సు రాసుకునేటప్పుడే కొటేషన్ గుర్తులు పెట్టి, పక్కనే పేజీ నంబరు వేసుకోండి.

సందేహం: నా రోగులు, నా పరిశోధన, నా రాత. కొంచెం మార్చి ఇంకో జర్నల్‌కు పంపితే ఎవరి సొమ్ము పోయింది?
– వైద్య కళాశాల అధ్యాపకుడు, కర్నూలు

సమాధానం: నష్టపోయేది మీరు ఎన్నడూ చూడని రోగి. ఆపరేషన్ తర్వాత వాంతులు రాకుండా ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ సంగతి చూడండి. ఆ మందుపై జరిగిన పరీక్షల్లో కొన్ని, ఇదివరకే అచ్చయ్యాయన్న మాటే లేకుండా, ఒక్కోసారి రచయితల పేర్లు కూడా మారి, మళ్లీ అచ్చయ్యాయి. మందు బాగా పనిచేసినట్టు చూపిన పరీక్షలే ఎక్కువగా అలా మళ్లీ వెలువడ్డాయి. 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ఈ సంగతి బయటపెట్టింది. ఆ నకళ్లను కూడా కలిపి లెక్కిస్తే మందు ప్రభావం 23 శాతం ఎక్కువగా కనబడిందట. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టి, ఆ లెక్క నమ్మిన డాక్టరు చేత మందు రాయించడమే కదా ఇది! నన్నడిగితే పరాయి వాక్యం ఎత్తిరాయడం కంటే ఇదే పెద్ద తప్పు.

సదస్సులో చదివిన సంగ్రహాన్ని పూర్తి పత్రంగా పంపడంలో తప్పులేదు. పాత డేటాతో కొత్త ప్రశ్న వేసినా తప్పులేదు. రెండు సందర్భాల్లోనూ పాత పత్రాన్ని పేర్కొని, సంపాదకుడికి రాసే ఉత్తరంలో ఆ ముక్క ముందే చెప్పండి.

సందేహం: తెలుగులో అచ్చయిన నా వ్యాసాన్ని ఇంగ్లీషులో ప్రచురించవచ్చా?
– అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: నిక్షేపంగా. ఇద్దరు సంపాదకులూ ఒప్పుకోవాలి. మొదట ఎక్కడ, ఎప్పుడు అచ్చయిందో మొదటి పేజీలోనే ఉండాలి.

సందేహం: ఎనిమిది నెలలైనా జర్నల్ నుంచి జవాబు లేదు. ఇంకోచోటికి పంపేదా?
– పరిశోధకుడు, అనంతపురం

సమాధానం: ముందు ఉపసంహరించుకుంటున్నానని రాయండి. సరేనని వాళ్ల నుంచి లిఖితపూర్వకంగా వచ్చాకే పంపండి.