గోడ మీది ముఖములు

వానకాలమున కామాఠీపురా చాళ్లలోను, దాదరులోని పాత మేడలలోను గోడలు చెమ్మగిల్లి, సున్నము రాలి, మరకలు ఏర్పడుట మన మెరిగినదే. రాత్రివేళ ఆ మరకను చూచి బిడ్డ, "అమ్మా, గోడలోనుండి ఎవరో చూచుచున్నారు" అని భయపడును. కొందరు తల్లిదండ్రులు గద్దింతురు. మరికొందరు గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. రెండును తగవు. బిడ్డ అబద్ధమాడుట లేదు. గోడలో ఎవరును లేరు. ఈ రెండును నిజములే.

దీనికి కారణమేమి? ముఖములను గుర్తించుటయందు విశేషముగా పనిచేయు భాగమొకటి మెదడులో గలదు. 1997లో నాన్సీ కాన్‌విషర్ మొదలగు శాస్త్రజ్ఞులు దానిని వివరించిరి. పుట్టిన మొదటి గంటలోనే శిశువు ముఖమును బోలిన ఆకృతివైపు చూపు త్రిప్పునని పరీక్షలవలన తెలిసినది. లేని ముఖమును ఉన్నదనుకొన్నచో నష్టము స్వల్పము. పొదలో పొంచియున్న శత్రువును చూడకున్నచో ప్రాణమునకే ముప్పు. అందువలననే మెదడు ఇట్లు తొందరపడునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. రెండు చుక్కలు, వాని క్రింద ఒక గీత యున్న చాలును, అది ముఖమైపోవును.

2023 వరకు ఈ నగర వీధులలో తిరిగిన ప్రీమియర్ పద్మిని టాక్సీని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గుండ్రని దీపములు కన్నులు. నడిమి జాలీ నోరు. దిష్టి గుమ్మడికాయపై కన్నులు, మీసములు దిద్దు మనకు ఈ సంగతి క్రొత్త కాదు.

శాస్త్రయుగమునను ఇట్టి భ్రమ కలిగినది. 1976లో వైకింగ్ నౌక అంగారక గ్రహమునుండి పంపిన చిత్రమున ఒక గుట్ట మానవముఖమువలె కనబడెను. అది వెలుగునీడల మాయయని నాసావారు నాడే చెప్పినను, అది ఎవరో చెక్కిన శిల్పమని నమ్మినవారు పెక్కురు. 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక స్పష్టమైన చిత్రము తీయగా, అది వట్టి గుట్టయని తేలినది.

అయితే ఇట్టి ముఖములు అందరికిని ఒకే తీరున కనబడవు. మసక వెలుతురు, భయము, ముందుగా విన్న దయ్యపు కథ — ఇవి మెదడును మరింత తొందరపెట్టును.

కావున బిడ్డ భయపడినప్పుడు దీపము వెలిగించి, చేయి పట్టుకొని గోడవద్దకు తీసికొనిపోవుడు. మరకను తాకి చూడనిండు. మరునాడు కాగితముపై ఆ ముఖమును గీయుమనుడు. మరకలుపడిన గోడలను చూచి క్రొత్త రూపములను ఊహింపుడని లియొనార్డో డావిన్సీ చిత్రకారులకు బోధించియున్నాడు. నేటి భయము రేపటి చిత్రకళ కావచ్చును. పట్టపగలు కూడ ఎవరును లేనిచోట మనుష్యులు కనబడుచున్నారని, మాటలు వినబడుచున్నవని బిడ్డ పలుమార్లు చెప్పినచో మాత్రము వైద్యునికి చూపవలెను.

గోడలోని చెమ్మ మాత్రము నిజమే. దానికి వలసినది తాయెత్తు కాదు, మరమ్మతు.