చిన్నపిల్లలు బలసాధన చేయవచ్చా?

సాయంత్రం ఆటల వేళ కాగానే మన హాస్టల్ వరండాలో పెద్ద తరగతుల అన్నయ్యలు దండీలు, బస్కీలు మొదలుపెడతారు. వాళ్లను చూసి మూడు, నాలుగు తరగతుల తమ్ముళ్లు కూడా నేలమీద చేతులు ఆనిస్తారు. వెంటనే ఎవరో ఒకరు "ఒరేయ్, మీరు చేయకండి, పొట్టిగా ఉండిపోతారు" అని తరిమేస్తారు. ఈ మాటలో నిజమెంత?

మన చేతులు, కాళ్ల పొడవాటి ఎముకల చివర్ల దగ్గర మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆ పొరకు గట్టి దెబ్బ తగిలితే ఎదుగుదల చెడే మాట వాస్తవమే. ఆ భయం పుట్టింది అందుకే. కాని పద్ధతిగా చేసే వ్యాయామం వల్ల పిల్లల ఎత్తు తగ్గుతుందని పరిశోధనల్లో తేలలేదు. దెబ్బలు తగిలేది ఎక్కువగా కిందపడినప్పుడు, చూసేవాళ్లు లేకుండా మోయలేని బరువు ఎత్తినప్పుడు. నిజానికి గోడమీది నుంచి దూకినప్పుడు కాళ్లమీద పడే భారం శరీర బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. దానికి మాత్రం మనం ఎవరినీ తరమం!

ఇంకో సంగతి. యుక్తవయసు రాని పిల్లలు ఎంత సాధన చేసినా కండలు పెద్దగా ఉబ్బవు. అయినా బలం పెరుగుతుంది. 8 నుంచి 20 వారాలు క్రమంగా చేస్తే సుమారు 30 శాతం పెరుగుతుందని గమనించారు. కారణం కండ కాదు, నరాలు. ఉన్న కండరంలో ఎక్కువ పోగులను ఒకేసారి పనిచేయించడం మెదడు నేర్చుకుంటుంది. కనుక అద్దంలో చేతులు చూసుకుని నిరాశపడనక్కరలేదు. డబ్బాల్లో అమ్మే పొడులూ అక్కరలేదు. గుడ్డు, పప్పు, గుప్పెడు వేరుశనగలు, అరటిపండు చాలు.

చెప్పింది విని చేయగల వయసు, అంటే ఏడెనిమిదేళ్లు వస్తే మొదలుపెట్టవచ్చు. ముందు గోడకు చేతులు ఆనించి దండీలు తీయాలి. అది తేలికయ్యాక మంచం అంచు పట్టుకుని, ఆ తరువాతే నేలమీద. బస్కీ తీసేటప్పుడు మడమలు లేవకూడదు, మోకాళ్లు లోపలికి వాలకూడదు. ఒక విడతకు 8 నుంచి 15 సార్లు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం. బరువు కావాలనిపిస్తే లీటరు సీసాలో నీళ్లు నింపితే ఒక కిలో అవుతుంది. నడుము వంగుతోందంటే లెక్క పూర్తి కాకపోయినా ఆపేయాలి. వంకరగా తీసిన ఇరవై కన్నా సరిగ్గా తీసిన ఆరు మేలు.

పెద్ద అన్నయ్యలకు ఒక విన్నపం. తమ్ముళ్లతో పందేలు పెట్టించకండి. ముఖ్యంగా గుంజీలను శిక్షగా వాడకండి. అలవాటు లేని పిల్లవాడితో ఒకేసారి వంద, రెండువందలు తీయిస్తే కండరాలు చితికి, ఆ వ్యర్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే దాచకుండా వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి. బడిలో శారీరక శిక్షను 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. అదీగాక, శిక్షగా నేర్చుకున్న వ్యాయామాన్ని ఏ పిల్లవాడు ఇష్టంగా చేస్తాడు?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 12 ఏళ్ల వయసులో గురువు దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 కిలోలు ఎత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమే. కాబట్టి ఇది మగపిల్లల వ్యవహారమని బాలికల హాస్టల్ చెల్లెళ్లు పక్కన కూర్చోవద్దు. అయితే ఇనుప బరువుల జోలికి మాత్రం నేర్పే మాస్టారు ఎదురుగా ఉన్నప్పుడే వెళ్లాలి. అంతవరకు గోడ, మంచం, నీళ్ల సీసా సరిపోతాయి.