బాదం పప్పు మంచిదే, కాని మాత్రలకు బదులు కాదు

వార్డులో ఉన్న రోగిని చూడడానికి వచ్చేవారి చేతిలో ఇదివరకు బత్తాయిలు, బ్రెడ్డు ఉండేవి. ఈ మధ్య బాదం పప్పు పొట్లం కూడా ఉంటోంది. "ఇది తింటే రక్తం పడుతుందట కదండీ?", "పిల్లలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందట, నిజమేనా?" అని మమ్మల్ని తరచు అడుగుతుంటారు. బాదం మంచి ఆహారమే. అయితే అది ఏమి చేస్తుందో, ఏమి చేయదో తెలుసుకుని తినడం ఇంకా మంచిది.

ఏ బాదం?

మన బడి ఆవరణల్లో గొడుగులా పెరిగే బాదం చెట్టు వేరు, కొట్టులో కొనే బాదం పప్పు వేరు. కొట్టు బాదం మన దేశంలో ముఖ్యంగా కాశ్మీరు వైపు పండుతుంది. అది చాలదు కాబట్టి ఎక్కువ భాగం అమెరికాలోని కాలిఫోర్నియా నుండి దిగుమతి అవుతుంది. ధర ఎక్కువగా ఉండడానికి ఇదొక కారణం.

పోషక విలువలు

100 గ్రాముల బాదం పప్పులో సుమారు 580 కేలరీల శక్తి, 21 గ్రాముల మాంసకృత్తులు, 50 గ్రాముల క్రొవ్వు, 12 గ్రాముల పీచు పదార్థం, 25 మి.గ్రా. విటమిన్ 'ఇ', 270 మి.గ్రా. కాల్షియం ఉంటాయి. ఈ క్రొవ్వులో అధిక భాగం గుండెకు మేలు చేసే రకం. బజ్జీలు, మిక్చరు వంటి వాటికి బదులుగా రోజూ గుప్పెడు బాదం తింటే చెడ్డ కొలెస్టరాల్ కొంత తగ్గుతుంది. 'బదులుగా' అన్న మాట గమనించండి. అవీ తిని, ఇవీ తింటే బరువు పెరుగుతారు.

జ్ఞాపకశక్తి మాటకొస్తే, పరీక్షల ముందు బాదం పెడితే మార్కులు పెరుగుతాయనడానికి రుజువు లేదు. పిల్లలను ఖాళీ కడుపుతో బడికి పంపకపోవడం అంతకంటే ముఖ్యం.

రక్తహీనత విషయంలో పొరపాటు

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కొందరు గర్భిణీ స్త్రీలు వికారంగా ఉందనో, మలం నల్లగా వస్తోందనో ఐరన్ మాత్రలు మానేసి, "బాదం తింటున్నాం లెండి" అంటారు. ఒక్కసారి లెక్క చూడండి. 10 బాదం పప్పుల బరువు సుమారు 12 గ్రాములు. వాటిలో ఇనుము అర మి.గ్రా. కూడా ఉండదు. ప్రభుత్వం గర్భిణీలకు ఉచితంగా ఇచ్చే ఒక్క మాత్రలో 60 మి.గ్రా. ఉంటుంది. రక్తం బాగా తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో మామూలుగా తట్టుకోగలిగినంత రక్తస్రావమే ప్రాణాపాయం కావచ్చు.

ఐరన్ మాత్ర వల్ల మలం నల్లబడితే భయపడనక్కరలేదు. వికారం ఉంటే మానేయకండి, మాకు చెప్పండి. వేసుకునే వేళ మార్చుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. మాత్రను బాదం పాలతోగాని, టీతోగాని మింగవద్దు. పాలు, టీ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది.

కొనలేకపోతే?

అప్పు చేసి బాదం కొనవలసిన అవసరం లేదు. మన వేరుశెనగలో మాంసకృత్తులు 100 గ్రాములకు 25 గ్రాములు, అంటే బాదంకన్నా ఎక్కువే. విటమిన్ 'ఇ', కాల్షియం తక్కువ. ఆ కాల్షియం లోటును పొట్టు తీయని నువ్వులు తీరుస్తాయి. గుండె జబ్బు ముప్పును తగ్గించవచ్చునని ప్యాకెట్లపై రాసుకోవడానికి 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన పప్పుల జాబితాలో బాదంతోపాటు వేరుశెనగ కూడా ఉంది. అయితే బూజు పట్టిన వేరుశెనగ పారవేయండి. ఆ బూజులోని విషం కాలేయానికి హాని చేస్తుంది.

జాగ్రత్తలు

1. 5 ఏళ్లలోపు పిల్లలకు బాదం, వేరుశెనగ గింజలుగా పెట్టవద్దు. గొంతులో అడ్డుపడి ఊపిరి ఆగిపోవచ్చు. మెత్తగా పొడి చేసి జావలో కలిపి పెట్టండి.

2. చేదుగా ఉన్న బాదం ఉమ్మివేయండి. చేదు బాదంలో విషపదార్థం ఉంటుంది.

3. కిడ్నీ జబ్బు, కిడ్నీలో రాళ్లు ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి.

4. తిన్నాక దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి రండి.

5. షుగరు, బి.పి. ఉన్నవారు చక్కెర, ఉప్పు పట్టించినవి తినరాదు.

6. నానబెడితే నమలడం తేలిక. తొక్క తీయనక్కరలేదు, పీచు అందులోనూ ఉంది.

ఈసారి రోగిని చూడడానికి వచ్చేటప్పుడు బాదం తెచ్చినా, వేయించిన వేరుశెనగలు తెచ్చినా మాకు సంతోషమే. మంచం పక్కన కూర్చున్నాక మాత్రం, "ఈ రోజు మాత్ర వేసుకున్నావా?" అని తప్పక అడగండి.