గాజు కళ: మన పిల్లల చదువుకు మరో దారి

పదో తరగతి ఫలితాలు రాగానే తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే. "మాస్టారూ, ఎంపీసీలో చేర్చమంటారా, బైపీసీలోనా?" మేమూ ఆ రెండింటిలోనే జవాబు చెబుతూ వచ్చాం.

కొన్నేళ్ళ క్రితం గ్రానైట్ పాలిషింగ్ పనిచేసే ఒక తండ్రి తన కొడుకును మా దగ్గరికి తీసుకొచ్చాడు. లెక్కల్లో అంతంతమాత్రమే. కానీ పగిలిన కిటికీ అద్దం ముక్కల అంచులను అరిగిపోయిన పాలిషింగ్ బిళ్ళలతో నున్నగా అరగదీసి, వాటిని అతికించి చిన్న లాంతరు చేశాడు. మేము మెచ్చుకున్నాం గానీ దారి చూపలేకపోయాం. ఆ అబ్బాయి ఇప్పుడు తండ్రి పక్కనే రాయి పాలిష్ చేస్తున్నాడు. ఆ పని తక్కువదని కాదు. చదివే దారి ఉందని మాకే తెలియకపోవడం మా లోటు. ఈ వ్యాసం ఆ లోటు తీర్చుకోవడానికే.

గాజు పని అంటే ఏమిటి?

ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కరిగిస్తే మామూలు గాజు తయారవుతుంది. గూడూరు ప్రాంతపు సిలికా ఇసుక ఇందుకు పేరుపొందింది. గాజును మలిచే పద్ధతులు ముఖ్యంగా మూడు. కరిగిన గాజును గొట్టంతో ఊది రూపం ఇవ్వడం ఒకటి. గాజు పలకలను కొలిమిలో మెత్తబరిచి అతికించడం, వంచడం రెండోది. చల్లారిన గాజును కోయడం, చెక్కడం, మెరుగుపెట్టడం మూడోది. వేడి మీద చేసిన వస్తువును సుమారు 500 డిగ్రీల నుంచి మెల్లగా చల్లార్చాలి. తొందరపడితే పగిలిపోతుంది.

మూడో పద్ధతి చీమకుర్తి ఇళ్ళకు కొత్త కాదు. వజ్రపు పొడి అద్దిన చక్రాలు, ధారగా నీళ్ళు, ముతక నుంచి సన్నానికి మారే బిళ్ళలు రెండు పనుల్లోనూ ఉంటాయి. గెలాక్సీ రాయిలోని బంగారు చుక్కలు మెరిసేలా పాలిష్ పెట్టే చేతికి గాజు త్వరగానే లొంగుతుంది.

మనకు పరాయిది కాదు

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేట గాజు పూసలకు ప్రసిద్ధి. కొలిమిలోని గాజు ముద్ద నుంచి సన్నని గొట్టాన్ని చేత్తో లాగి, ముక్కలుగా కోసి పూసలు చేసే విధానం అక్కడిది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో సుమారు రెండు వేల ఏళ్ళ క్రితమే ఈ తరహా పూసలు చేశారు. సముద్రం దాటి ఆగ్నేయాసియా వరకు అవి వెళ్ళాయి.

పవిత్ర ఖుర్ఆన్‌లోని నూర్ సూరా 35వ ఆయత్‌లో దీపం, గాజు ప్రస్తావన ఉంది. 13, 14 శతాబ్దాల్లో ఈజిప్టు, సిరియా పనివారు మసీదుల కోసం రంగులు, బంగారం అద్దిన గాజు దీపాలు చేసి, చాలావాటి మీద ఆ ఆయత్‌నే రాశారు. ఈనాటికీ అవి ప్రపంచ మ్యూజియాల్లో ఉన్నాయి.

ఎక్కడ చదవాలి?

అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో సిరామిక్ అండ్ గ్లాస్ డిజైన్ కోర్సు ఉంది. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా నాలుగేళ్ళ బి.డిజ్.కు పరీక్ష రాయవచ్చు. ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశలు. బొమ్మ గీయడం, చుట్టూ ఉన్నదాన్ని గమనించడం, కొత్తగా ఆలోచించడం అక్కడ చూస్తారు. సీట్లు చాలా తక్కువ.

సైన్సు ఇష్టమున్నవారికి వారణాసి ఐఐటీ, రూర్కెలా ఎన్ఐటీల్లో సిరామిక్ ఇంజనీరింగ్ ఉంది. గాజుల ఊరు ఫిరోజాబాద్‌లో గాజు పరిశ్రమ అభివృద్ధి కేంద్రం ఉంది.

చదివినవారికి దీపాలు, పాత్రలు, నగలు, భవనాల అద్దాల తయారీ సంస్థల్లో డిజైన్ పని దొరుకుతుంది. సొంత స్టూడియో పెట్టాలంటే కొలిమికీ, కరెంటుకూ పెట్టుబడి కావాలి. తొలి ఏళ్ళలో రాబడి తక్కువ. పొడిగా అరగదీస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ఎంత చేటో మన ఊరికి వేరే చెప్పనక్కర్లేదు. ఇవన్నీ పిల్లలకు ముందే చెప్పాలి.

దాతలకు మా మనవి

మన సాయం ఎక్కువగా ఇంజనీరింగ్, వైద్య సీటు వచ్చాక అందుతోంది. డిజైన్ చదువుకు సాయం అంతకన్నా ముందే కావాలి. తొమ్మిదో తరగతి నుంచే డ్రాయింగ్ నేర్పే టీచరు, తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు అభ్యాసం, దరఖాస్తు రుసుము, పరీక్షకు వెళ్ళిరావడానికి ఛార్జీలు ఉండాలి. ఏ నిధి నుంచి ఇవ్వవచ్చో ఉలమాలను అడిగి నిర్ణయించుకుందాం. ఆడపిల్లలకూ ఇందులో సమాన వాటా ఉండాలి.

రేపు మరో పిల్లవాడు లాంతరు చేసి తెస్తే, ఈసారి మెచ్చుకుని ఊరుకోం. దరఖాస్తు ఫారం చేతిలో పెడతాం. ఆ ఫారం వెనుక మీ చేయి ఉండాలని కోరుతున్నాం. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.